పెద్దమనుషులు రాజీ చేయకూడని చోటు

ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్వచ్ఛంద సంస్థను సొసైటీగా రిజిస్టర్ చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చెప్పే లెక్క అది. కర్నూలులోనో కడపలోనో దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టాలనుకున్న మనిషి మొదట చేయాల్సిన పని ఈ ఏడు పేర్లు వెతుక్కోవడమే. భార్య, బావమరిది, కలిసి చదువుకున్న స్నేహితుడు ముందు వస్తారు. తర్వాత ఊళ్లో నలుగురికీ తెలిసిన రిటైర్డ్ హెడ్మాస్టరు, మందుల షాపు యజమాని, ఒక లాయరు. "మీరేం చేయనక్కర్లేదు సార్, మీ పేరుంటే చాలు, మాకు బలం" అంటారు. అడిగింది పిల్లల కోసం కాబట్టి కాదనడానికి నోరు రాదు. ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు, నాలుగు సంతకాలు. దాంతో హెడ్మాస్టరు గారు ఉపాధ్యక్షులైపోతారు.

ఆ తర్వాత ఏడాదికోసారి మినిట్స్ పుస్తకం ఆయన ఇంటికే వస్తుంది. సమావేశం తేదీ, "కోరం సరిపోయినందున సమావేశం ప్రారంభించడమైనది" అన్న వాక్యం, గత సంవత్సరపు జమాఖర్చులు చదివి ఆమోదించినట్టు ఒక పేరా, అన్నీ ముందే రాసి ఉంటాయి. ఎక్కడ సంతకం పెట్టాలో తెలియడానికి పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు. తెచ్చిన కుర్రాడు గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు, ఇంకా ముగ్గురి ఇళ్లకు వెళ్లాలి గనుక. అట్లాంటి పుస్తకాన్ని వెనక్కి తిప్పి చూస్తే ఐదేళ్ల సమావేశాలు ఒకే చేతిరాతలో, చాలావరకు ఒకే పెన్నుతో కనిపిస్తాయి. ఒక్క తీర్మానం మీదా ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు ఉండదు.

అన్ని సంస్థలూ ఇలాగే ఉన్నాయని అనడం అన్యాయం. జీతం భత్యం లేకుండా, సొంత పెట్రోలు ఖర్చు పెట్టుకుని, ఆదివారాలు వదులుకుని పిల్లల కోసం తిరిగే కార్యవర్గ సభ్యులు రాయలసీమ పాత జిల్లాల్లోనూ ఉన్నారు. అయితే "పేరుంటే చాలు" అన్న మాట ఇక్కడ ఎంత మామూలైపోయిందంటే, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు చట్టం ఏ బాధ్యత అప్పగించిందో వాళ్లకే తెలియని పరిస్థితి ఉంది.

చట్టం మాత్రం గౌరవ పదవులను గుర్తించదు. పిల్లల సంరక్షణకు సంబంధించిన ప్రధాన చట్టం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ఏ సంస్థ అయినా, ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకపోయినా, దాని 41వ సెక్షన్ కింద రిజిస్టర్ కావాల్సిందే. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది కదా అంటే సరిపోదు, అది వేరు, ఇది వేరు. చాలామంది కమిటీ సభ్యులు తికమకపడేది ఇక్కడే. 41 కింద రిజిస్టర్ కాకుండా పిల్లలను ఉంచుకుంటే నిర్వాహకులకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు చేయకుండా గడిచే ప్రతి ముప్పై రోజులనూ విడి నేరంగా లెక్కవేస్తారు. దేశంలోని పిల్లల సంరక్షణ సంస్థలన్నీ 2017 చివరికల్లా రిజిస్టర్ కావాలని ఆ ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే, అప్పటికి ఎన్ని కాగితం లేకుండా నడుస్తున్నాయో ఊహించుకోవచ్చు.

75వ సెక్షన్ ఇంకా నేరుగా మాట్లాడుతుంది. తన సంరక్షణలో ఉన్న పిల్లలను కొట్టినా, హింసించినా, కావాలని గాలికి వదిలేసినా మామూలు వ్యక్తికి మూడేళ్ల వరకు శిక్ష. అదే పని పిల్లల బాధ్యత తీసుకున్న సంస్థలో ఉద్యోగి గానీ, ఆ సంస్థను నిర్వహిస్తున్న వ్యక్తి గానీ చేస్తే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. 82వ సెక్షన్ కింద, సంస్థలో పిల్లల్ని కొట్టారన్న ఫిర్యాదు మీద విచారణ జరుగుతుంటే యాజమాన్యం సహకరించకపోతే, ఆ యాజమాన్య బాధ్యుడికి మూడేళ్లకు తగ్గని జైలు. మొదటిసారి పిల్లవాణ్ని కొట్టిన ఉద్యోగికి పడేది పది వేల జరిమానా. విచారణకు అడ్డం పడిన యాజమాన్యానికి పడేది దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. కొట్టినవాడికంటే దాచినవాడి మీద ఈ చట్టానికి కోపం ఎక్కువ.

ఈ చివరి మాట రాయలసీమలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఇక్కడ ఊళ్లలో పెద్దమనిషి అనిపించుకోవాలంటే ఉండాల్సిన మొదటి లక్షణం తగువు తెంపగలగడం. పొలం గట్టు, అన్నదమ్ముల పంపకం, ఆలుమగల గొడవ, ఏదైనా సరే స్టేషను దాకా పోకుండా నాలుగు మాటలతో సర్దిచెప్పగలిగిన మనిషికి ఊరు మర్యాద ఇస్తుంది. ఆ నేర్పు తక్కువదేమీ కాదు. కోర్టులో పదేళ్లు నానేది రచ్చకట్ట మీద ఒక పూటలో తేలుతుంది. పాత కక్షలు రగిలిన ప్రాంతంలో ఇట్లాంటి మనుషుల వల్ల ఆగిన రక్తపాతం కూడా ఉంది. పిల్లల సంస్థ వాళ్లు కార్యవర్గంలోకి పిలిచేది ఆ నేర్పు చూసే. "రేపు ఏదైనా వస్తే సార్ చూసుకుంటారు" అన్న ధీమా అది. చిక్కంతా అక్కడే ఉంది. పిల్లల రక్షణలో ఆ నేర్పే అన్నిటికంటే ప్రమాదకరమైనది.

ఉదాహరణకు, ఒక హోంలో పదమూడేళ్ల పాప వంటమనిషితో ఏదో చెప్పిందనుకుందాం, ట్యూషన్ చెప్పే మనిషి గురించి. వంటమనిషి కార్యదర్శితో చెప్పింది. రాత్రి తొమ్మిదింటికి కార్యదర్శి అధ్యక్షుల వారికి ఫోన్ చేశాడు. మామూలుగా జరిగేది ఏమిటంటే, "పొద్దున్నే నేనొస్తా, అప్పటిదాకా ఎవరితో అనొద్దు" అని అటునుంచి జవాబు. పొద్దున ట్యూషన్ మనిషిని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి, ఆ నెల జీతం చేతిలో పెట్టి పంపేస్తారు. పాప మేనమామను పిలిపించి, బయటికి తెలిస్తే పిల్ల భవిష్యత్తు ఏమవుతుందో చెబుతారు. మిగతా నలభై మంది పిల్లలకు అన్నం పెట్టే సంస్థ మూతపడితే వాళ్ల గతేమిటని అడుగుతారు. అందరూ తల ఊపుతారు. అధ్యక్షుల వారు మంచి పని చేశాననే నమ్మకంతోనే ఇంటికి వెళతారు.

2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం దృష్టిలో అక్కడ జరిగింది నేరం. 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందన్న భయం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడే హక్కు ఎవరికీ లేదు, పాప మేనమామ ఒప్పుకున్నా సరే. చెప్పనివాళ్లకు ఆరు నెలల వరకు శిక్ష. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని చెప్పకపోతే, 21వ సెక్షన్ రెండో క్లాజు కింద, అది ఏడాది వరకు జైలు, జరిమానా అవుతుంది. ఇక మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు గానీ దావా గానీ నిలవదని అదే 19వ సెక్షన్ చివర్లో రాసి ఉంది. "చెబితే మనమే ఇరుక్కుంటాం" అని టెన్షన్ పడేవాళ్లు ఆ వాక్యం చదవాలి.

శిక్షల సంగతి అటుంచితే, రాజీ వల్ల జరిగే అసలు నష్టం ఇంకొకటి. 2020 నాటి పోక్సో నియమాల ప్రకారం, పిల్లలతో పనిచేసే సంస్థలన్నీ తమ ఉద్యోగుల మీద, కాంట్రాక్టు వాళ్లతో సహా, ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. అనంతపురంలో రాజీ చేసి పంపేసిన ట్యూషన్ మనిషి ఆరు నెలలకు నంద్యాలలో ఇంకో హాస్టల్లో చేరతాడు. అక్కడివాళ్లు నిజాయితీగానే వెరిఫికేషన్‌కు పంపుతారు. కేసు లేదు, ఫిర్యాదు లేదు, కాగితం శుభ్రంగా తిరిగొస్తుంది. ఇక్కడ "పరువు కాపాడిన" పెద్దమనిషి అక్కడి పిల్లల రక్షణను తీసేశాడు. అతనికి ఆ పిల్లల ముఖాలు ఎప్పటికీ కనపడవు కాబట్టి ఈ లెక్క ఎవరి పద్దులోనూ పడదు.

పెళ్లిళ్ల విషయమూ ఇంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 నాటిది, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న మహిళల్లో 29 శాతానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లి అయినవాళ్లేనని తేల్చింది. దేశ సగటు 23 శాతం. కార్యవర్గ సభ్యుల బంధువుల ఇళ్లలో, వాళ్ల దగ్గర పనిచేసే వాళ్ల ఇళ్లలో ఇట్లాంటి పెళ్లి పత్రికలు రాకుండా ఉండవు. వెళ్లకపోతే మాట పోతుంది, వెళితే నాలుగు అక్షింతలే కదా అనిపిస్తుంది. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్లిని ప్రోత్సహించినా, ఆపగలిగీ నిర్లక్ష్యంగా ఊరుకున్నా, చివరికి హాజరై పాల్గొన్నా రెండేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా పడవచ్చు. సంస్థల సభ్యుల ప్రస్తావన ఆ సెక్షన్లో విడిగానే ఉంది. బాల్య వివాహాల మీద పొద్దున ర్యాలీ తీసి సాయంత్రం భోజనాల పంక్తిలో కూర్చున్న సభ్యుణ్ని ఊరు గమనిస్తుంది. ఆ సంస్థ మాట ఆ వీధిలో ఇక చెల్లదు.

చందాలు ఇచ్చేవాళ్ల సంగతి మరింత ఇబ్బందికరం. కర్నూలు, నంద్యాల వైపు సీడు పత్తి పండించే చేలల్లో పిల్లలతో, ముఖ్యంగా ఆడపిల్లలతో పని చేయించడం చాలా ఏళ్లుగా అందరికీ తెలిసిన సమస్య. సాయంత్రం మొగ్గల్లో పుప్పొడి భాగాన్ని గిల్లి తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. పువ్వు పువ్వుకీ ఇలా చేయాలి, చేనంతా, నెలల తరబడి. సన్నటి వేళ్లు, చేను ఎత్తుకు సరిపోయే పొట్టి మనుషులు, తక్కువ కూలి, ముందే తల్లిదండ్రుల చేతిలో పెట్టిన అడ్వాన్సు: ఇవన్నీ కలిసి బడిపిల్లను చేనికి తెస్తాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడాన్ని బాల కార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ నిషేధించింది, కుటుంబానికి బడి వేళల బయట చేసే సాయం లాంటి మినహాయింపులు తప్ప. ఆ సీడు చేను యజమాని, కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజరు, పిల్లల హోంకు ఏటా బియ్యం బస్తాలు పంపే దాత, ఈ ముగ్గురూ ఒకే మనిషి కావడానికి ఆస్కారం ఉంది. అప్పుడు కమిటీ ఏం చేస్తుంది? బియ్యం తీసుకుని మాట్లాడకుండా ఉంటే సంస్థ ఉన్నది ఎందుకు? బియ్యం వద్దంటే ఆ నెల వంట ఎట్లా? ఇట్లాంటి ప్రశ్న అజెండాలోకి రావడానికి ఒక్క సభ్యుడైనా ధైర్యం చేయాలి. ఎక్కువ చోట్ల అది అజెండాలోకి రాకుండానే తేలిపోతుంది, ఎటువైపో చెప్పనక్కర్లేదు.

ఇదే దారిలో ఇంకో ప్రశ్న ఉంది, సంస్థలు అంతగా ఇష్టపడనిది. హోంలో ఉన్న పిల్ల అసలు అక్కడ ఎందుకు ఉంది? ఆదోని, ఆలూరు, పత్తికొండ, మంత్రాలయం వైపు పల్లెల్లో సుగ్గి, అంటే వలస పనుల కాలం, మొదలైతే కుటుంబాలు కుటుంబాలే మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకో, బెంగళూరులో కట్టుబడి పనులకో వెళతాయి. ఆ నెలలు పిల్లల్ని ఎక్కడో ఒకచోట వదలాలి. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడిపింది అందుకే. అమ్మానాన్న బతికే ఉన్న ఇలాంటి పిల్లలు, తండ్రి పోయి తల్లి ఒక్కతే కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలు ప్రైవేటు హోంలలో చేరి, బ్రోచరులో "అనాథలు" అవుతారు. జువెనైల్ జస్టిస్ చట్టం పెట్టుకున్న మూల సూత్రాల్లో ఒకటి, పిల్లను సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకున్నాక చేయాల్సిన పని అని. పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద ఇలాంటి పిల్ల తన ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉంది. ఆ దరఖాస్తు నింపి జిల్లా బాలల సంరక్షణ విభాగం చుట్టూ తిరిగి మంజూరు చేయించడం కార్యవర్గ సభ్యుడు చేయగల అసలైన సేవల్లో ఒకటి. అయితే దానికి ఫ్లెక్సీ పడదు. పైగా మంచం ఖాళీ అవుతుంది. మంచాల లెక్క చెప్పి చందా అడిగే సంస్థకు ఖాళీ మంచం నష్టంగా కనిపిస్తుంది. పిల్లలు తగ్గితే ఎందుకు తగ్గారని నిలదీసే కమిటీకంటే, పెరిగితే ఎందుకు పెరిగారని అడిగే కమిటీ మెరుగు.

పుట్టినరోజు భోజనాల గురించి కూడా ఒక మాట. కేకు, పులిహోర, వరుసగా కూర్చోబెట్టిన పిల్లలు, వెనక నిలబడిన దాత కుటుంబం, ఐదు నిమిషాల్లో వాట్సాప్ స్టేటస్. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు తెలిసేలా పేరు, ఫోటో, బడి ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా రాసిపెట్టి ఉన్నాయి. దాతను నొప్పించకుండా ఫోన్ లోపల పెట్టించడం సెక్రటరీ ఒక్కడి వల్ల కాదు. గేటు దగ్గరే చెప్పాలని కమిటీ తీర్మానం చేసి గోడకు బోర్డు పెడితే అతనికి వెన్నుదన్ను ఉంటుంది.

ఇక ముజఫర్‌పూర్ సంగతి. 2018లో బీహార్‌లోని ఆ పట్టణంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన బాలికల వసతి గృహంలో జరిగిన అత్యాచారాలు దేశాన్ని కుదిపాయి. నిర్వాహకుడికి 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు జీవిత ఖైదు వేసింది. రాయలసీమ పాఠకులకు ఆ కేసులో పనికొచ్చే సంగతి తీర్పుకంటే అది బయటపడిన తీరు. ఆ గృహం చీకట్లో దాగి ఉన్నది కాదు, ప్రభుత్వ సొమ్ముతో నడిచేది. విషయం తేల్చింది మాత్రం టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం చేసిన సోషల్ ఆడిట్. ఆ సంస్థతో ఏ మొహమాటమూ లేని బయటివాళ్లు వెళ్లి పిల్లలతో మాట్లాడారు. మొహమాటం లేకపోవడం అన్నది ఎంత పెద్ద అర్హతో అక్కడ తెలిసింది. చిన్న పట్టణంలో అది దొరకడం కష్టం. అధ్యక్షుడి కొడుకు పెళ్లికి కార్యదర్శే మండపం మాట్లాడిపెట్టి ఉంటాడు.

జువెనైల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నాటి మోడల్ రూల్స్ ఈ మొహమాటాన్ని ముందే ఊహించినట్టున్నాయి. పిల్లలు తమ ఫిర్యాదులు వేయడానికి ఒక పెట్టె ఉండాలంటాయి. అది ఆఫీసు గదికి దూరంగా, పిల్లలు పడుకునే గదుల దగ్గర ఉండాలి. తాళంచెవి హోం సిబ్బంది దగ్గర ఉండకూడదు, నిర్వహణ కమిటీ చైర్‌పర్సన్ దగ్గర ఉండాలి. వారం వారం తెరవాలి, పిల్లల కమిటీ సభ్యుల ఎదుట తెరవాలి. ఆరేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి సంస్థలోనూ పిల్లల కమిటీలు ఏర్పాటు చేయించాలని చట్టంలోనే ఉంది. ఎన్ని హోంలలో ఈ పెట్టె ఆఫీసు గుమ్మం పక్కన, సెక్రటరీ కుర్చీకి ఎదురుగా, సీసీ కెమెరా కింద వేలాడుతుందో చూసినవాళ్లకు తెలుసు. కొత్తగా కమిటీలో చేరిన మనిషి ఆ పెట్టె ఎక్కడుందో, చెవి ఎవరి దగ్గరుందో రెండు నిమిషాల్లో తెలుసుకోవచ్చు. సంస్థ గురించి ఆ రెండు నిమిషాలు చెప్పినంత వార్షిక నివేదిక చెప్పదు.

డబ్బు విషయం త్వరగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే దాన్ని ఆడిటరు ఎలాగూ చూస్తాడు. రెండు వేలు దాటిన నగదు చందాకు దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. స్థాపకుడి బంధువులకు సంస్థ ఆస్తి వల్ల లాభం కలిగితే పన్ను మినహాయింపుకే ముప్పు. విదేశీ నిధులు తీసుకునే సంస్థ వాటిలో పరిపాలన ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదని 2020లో విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణ తెచ్చారు, అంతకుముందు 50 శాతం వరకు వీలుండేది. సంస్థ ఉన్న ఇల్లు ఎవరి పేరున ఉంది, అద్దె ఎవరికి వెళుతోంది అన్న ప్రశ్నలకు జవాబు రాకపోతే మిగతా లెక్కలు ఎంత చక్కగా ఉన్నా ప్రయోజనం లేదు.

స్థాపకుడి నీడ గురించి మాత్రం కాస్త ఆగాలి. అనంతపురంలో ఈ మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. 1969లో ఈ కరువు జిల్లాకు వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆయన పోయాక కూడా సంస్థ నిలబడింది, పిల్లల స్పాన్సర్‌షిప్‌తో, బడులతో, ఆస్పత్రులతో. 2025లో ఆ సంస్థ విదేశీ నిధుల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు జిల్లాలో జనం రోడ్ల మీదికి వచ్చారు. అంత పెద్ద సంస్థతో ఇరవై మంది పిల్లల హోంను పోల్చడం కుదరదు. అయినా ఒక ప్రశ్న ఇద్దరికీ ఒకటే: మొదలుపెట్టిన మనిషి లేని రోజున పిల్లల బాధ్యత ఎవరిది, డబ్బు ఎక్కణ్నించి వస్తుంది? చిన్న సంస్థల్లో స్థాపకుడికి గుండెపోటు వస్తే చెక్కు మీద సంతకం పెట్టే మనిషి కూడా ఉండడు. ఈ మాట ఆయన ఎదుట అడగడం అపశకునంగా తోస్తుంది. అడగాల్సిన వాళ్లు కార్యవర్గ సభ్యులే.

కార్యవర్గంలోకి ఎవరు రావాలన్న దానికి అలవాటైన జవాబు డాక్టరు, లాయరు, ఆడిటరు. వాళ్లు కావాలి. ప్రభుత్వ ఉద్యోగులైతే ముందు తమ ప్రవర్తనా నియమాలు చూసుకోవాలి. కానీ ఈ జాబితాలో ఎప్పుడూ తప్పిపోయేది పిల్లలు వచ్చిన ఇళ్ల మనుషులు. సుగ్గికి వెళ్లొచ్చిన తల్లి, సుగాలి తండాలో పదో తరగతి దాకా చదివిన అమ్మాయి, అదే హోంలో పెరిగి ఇప్పుడు పాతికేళ్లు నిండిన కుర్రాడు. వీళ్లకు ఆడిట్ రిపోర్టు చదవడం రాకపోవచ్చు. హాస్టల్లో రాత్రి పూట ఏ తలుపు దగ్గర భయమేస్తుందో ఆ కుర్రాడికి తెలిసినట్టు ఏ చార్టర్డ్ అకౌంటెంటుకీ తెలియదు. కర్నూలు పక్కనే ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు తమ సమాఖ్య కట్టుకుని, పిల్లల కోసం బడి కూడా నడిపారు. చదువులేని ఆడవాళ్లకు నిర్వహణ ఏం తెలుస్తుందన్న మాట జిల్లాలో అప్పటినుంచే చెల్లలేదు, చెల్లకూడదు కూడా.

ఇంకో ముడి కూడా ఉంది. పిల్లల మీద నిర్ణయాలు తీసుకునే సీడబ్ల్యూసీ, అంటే బాలల సంక్షేమ సమితి, ప్రతి జిల్లాలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులతో ఉంటుంది. దొరికిన పిల్లను ఇరవై నాలుగు గంటల్లో వాళ్ల ముందు హాజరుపరచాలి. పిల్లల రంగంలో ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లను అందులోకి తీసుకోవాలి గనుక, సహజంగానే హోంలు నడిపేవాళ్లే దరఖాస్తు చేసేవారు. ఏ పిల్లను ఏ హోంకు పంపాలో తేల్చే బల్లకు రెండు వైపులా ఒకే మనిషి కూర్చోవడం అది. జువెనైల్ జస్టిస్ చట్టానికి 2021లో వచ్చిన సవరణ ఈ దారి మూసింది. జిల్లాలో పిల్లల సంరక్షణ సంస్థ నిర్వహణలో భాగమైనవాళ్లు సమితి సభ్యులు కావడానికి అనర్హులు. అలాగే పిల్లల కోసం పెట్టిన 1098 హెల్ప్‌లైన్ 1996 నుంచి స్వచ్ఛంద సంస్థల చేతుల మీదుగా పెరిగింది, 2023లో అది ప్రభుత్వ యంత్రాంగంలోకి వెళ్లి అత్యవసర నంబరు 112తో కలిసింది. గుంతకల్లు స్టేషన్లో రాత్రి రైలు దిగిన పిల్లవాడి కోసం ఇప్పుడు ఫోన్ ఎత్తేది ప్రభుత్వ యంత్రాంగమే. సంస్థల పాత్ర ఫోన్ ఎత్తడం నుంచి, ఎత్తినవాళ్లు తర్వాత ఏం చేశారో వెంటపడి కనుక్కోవడానికి మారింది. ఇది ఇంకా చాలా సంస్థలకు మింగుడుపడలేదు.

చివరికి మిగిలేది బయటికి వచ్చే దారి. కమిటీలో అడిగిన ప్రశ్నలకు జవాబు రాక, విసిగి తప్పుకోవాలనుకునే సభ్యులు ఉంటారు. వాళ్లు సాధారణంగా వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చి, సమావేశాలకు వెళ్లడం మానేస్తారు. దాంతో అయిపోయిందనుకుంటారు. సొసైటీ రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కార్యవర్గ జాబితాలో పేరు అలాగే ఉంటుంది, బ్యాంకులో సంతకం నమూనా అలాగే ఉంటుంది, రేపు ఏదైనా జరిగితే విచారణాధికారి తీసేది ఆ జాబితానే. రాజీనామా రాసి ఇవ్వాలి, ముట్టినట్టు రసీదు తీసుకోవాలి, ఎందుకు తప్పుకుంటున్నారో అందులో రాయాలి, మారిన జాబితా రిజిస్ట్రార్‌కు చేరిందో లేదో కనుక్కోవాలి. తప్పుకోవడానికి కారణం ఏదో ఒక పిల్ల చెప్పిన మాట అయితే మాత్రం రాజీనామాతో ఆ బాధ్యత తీరదు. తెలిసిన మనిషి చెప్పాలన్నదే పోక్సో 19వ సెక్షన్. ఆ మనిషి పదవిలో ఉన్నాడా దిగిపోయాడా అని అది అడగదు.